ఎవరికీ ఇవ్వకూడని ఫోను

తిరుమల క్యూలో రెండు గంటలు కూర్చున్నాక లోకేశ్వరికి గుర్తొచ్చింది, బ్యాంకు ఫోను తాళం నంబరు డ్రైవరు వెంకటమునికి తెలుసని.

పొద్దున చిత్తూరు దాటగానే అత్త రుక్మిణమ్మ పాటలు పెట్టమంది. ఫోను ముందుంది, లోకేశ్వరి వెనక సీట్లో ఉంది. ఆరంకెలూ గట్టిగా చదివి వినిపించింది. కొండ మీద ఫోన్లు తీసుకునే కౌంటరు దగ్గర లైను చాంతాడంత ఉంది. “టయిమైపోతా ఉండాది మే! ఎంకటమునికిచ్చి రా. మన వీధి మనిషే గదా” అని అత్త తొందరపెట్టింది. ఇచ్చి వచ్చింది.

ఫోను ఎవరికీ ఇవ్వకూడదు, నంబరు ఎవరికీ చెప్పకూడదు అన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టి ఇంకా మూడు రోజులు కాలేదు. సంతకాలు పెట్టమంటే మనం ఎప్పుడు వెనకాడాం గనక!

ఆమె పనిచేసేది చిన్న సహకార బ్యాంకులో. ఆ ఫోనులో పూతలపట్టు చుట్టుపక్కల రెండు వందల పద్నాలుగు మంది ఆడవాళ్ల ఆధార్ కార్డులు, సంతకాల ఫొటోలు ఉన్నాయి. ఆ ఫోనుకొచ్చే ఓటీపీ చేతిలో ఉంటే వాళ్ల ఖాతాల్లో ఏదైనా మార్చేయొచ్చు. “నువ్వు చెప్పినావంటే సాలు పాపా” అంటూ కార్డులు చేతికిచ్చినవాళ్లు వాళ్లంతా.

వెంకటముని మంచివాడే. పదిహేనేళ్లుగా తెలుసు. కానీ పోయిన నెల ఆయన లోను దరఖాస్తు తిప్పి పంపింది లోకేశ్వరే. ఆ సంగతి మనసులోకి వచ్చాక ఇంక పోలేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా భయం తగ్గలేదు. ఆ భయంలో స్వామిని చూసిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు.

బయటికొచ్చి చూస్తే కారు పెట్టిన చోట కారు లేదు.

టీ కొట్టాయన ఫోను అడిగి బ్యాంకు ఫోనుకు చేసింది. స్విచాఫ్. ఆమెకున్నది ఆ ఒక్క ఫోనే, వెంకటముని నంబరూ అందులోనే ఉంది. అత్త ఫోను ఇంట్లో ఉంది. రోజుకు పదిమందికి చెప్పే నంబరు కాబట్టి బ్యాంకుది ఒక్కటే నోటికొచ్చు. మేనేజరు సుబ్రమణ్యం ఎత్తాడు.

“ఫోను పోయింది సార్. అందులో ఉన్నదంతా అక్కణ్ణించే చెరిపేయండి.”

“చెరిపేస్తా. ఆన్ చేసిన నిమిషమే అంతా పోతాది. యాడ పోయింది? ఎవురి దగ్గరుండె?”

ఆమె అత్త వైపు చూసింది.

“రిపోర్టులో పేరు రాయాల మ్మా. చెప్పు.”

అత్తకు వినపడకుండా పక్కకు తిరిగి చెప్పింది. “వెంకటముని సార్. బాడుగ కార్ల జయరావు దగ్గర డ్రైవరు.”

“జయరావునడిగి నంబరు తీసుకుంటాలే” అని ఆయన పెట్టేశాడు.

పది నిమిషాల తర్వాత వెంకటముని పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది.

“బండ్లన్నీ ఆ పక్కకు తోలేసినారు మ్మా. మీకోసరం రెండు సుట్లు తిరిగినా” అంటూ తువ్వాల్లో చుట్టిన ఫోను తీసి రెండు చేతులతో ఇచ్చాడు. “బ్యాంకు మెసేజీలు ఒకటే వస్తా ఉండె. అయ్యి నేను సూడకూడదు గదా! అందుకే ఆపేసి పెట్టినా.”

లోకేశ్వరి ఫోను అందుకుంది. ముందు సుబ్రమణ్యానికి చెప్పాలి, ఆ పేరు కొట్టేయించాలి. ఇంకేమీ ఆలోచించకుండా ఫోను ఆన్ చేసింది. సిగ్నల్ వచ్చింది. వెంటనే తెర నల్లబడింది, కాసేపటికి తెల్లగా వెలిగి కొత్త ఫోనులా భాష ఎంచుకోమంది. రెండు వందల పద్నాలుగు మందికీ ఇక ఏ భయమూ లేదు.

“అన్నా, నీ ఫోను ఒక్కసారి ఇయ్యి. అర్జెంటు.”

“దానికేం మ్మా” అని ఆయన జేబులోంచి తీశాడు. అది ఆయన చేతిలోనే మోగింది. కొత్త నంబరు చూసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అవున్సార్, ఎంకటమునినే... బ్యాంకు ఫోనా? మేడం చేతికే ఇచ్చేసినా గదా సార్... నేను ఎత్తుకోని పోయినానని ఎవురు జెప్పినారు?”

జవాబు వింటూ లోకేశ్వరి వైపు తిరిగాడు.