బీరువాలో తొమ్మిది రోజులు

నేను ఒక నీలిరంగు ఇన్‌హేలర్‌ని. పిల్లల అరచేతిలో కూడా ఇమిడిపోతాను. ఒళ్లు ప్లాస్టిక్, లోపల చిన్న రేకు డబ్బా, నోటికి ఒక మూత. ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లల చేతుల మీదుగా ఒకే రోజున వేలమందిమి పుట్టాం. పుట్టినప్పుడే నా పొట్టలో రెండు వందల మోతాదులు నింపారు. ఆయుష్షెంతో ముందే తెలుసు కాబట్టి నాకు కంగారు తక్కువ. కంగారంతా మనుషులదే.

నరసరావుపేటలో ఒక మందుల షాపు అరలో రెండు నెలలు కూర్చుని, శివపార్వతి చేతికి వచ్చాను. ఆమె మిరపకాయలకు తొడిమలు తీసే కూలిమనిషి. కూతురు లిఖితకు తొమ్మిదేళ్లు. మిరప కల్లాల రోజుల్లో ఆ ఘాటుకు పిల్లకు ఉబ్బసం ముదిరి, వేసవి సెలవులు ఇచ్చేదాకా బడి ముఖం చూడలేదు. డాక్టరమ్మ నాకు స్పేసర్ అనే గొట్టాన్ని తోడిచ్చింది. నేను మందు చిమ్మితే అతను పట్టుకుని పిల్లకు నిదానంగా అందిస్తాడు. ఏం చేయాలో పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం మీద రాసి మా సంచిలో పెట్టింది. ఇంట్లో రోజూ రెండు పూటలా పీల్చడానికి గోధుమరంగు అక్క వేరే ఉంది. చాకిరీ ఆమెది, పేరు నాది.

బడి తెరిచే రోజున శివపార్వతి నన్ను కొత్త నోటుపుస్తకాలతో పాటు దేవుడి పటం ముందు పెట్టి పసుపు పూసింది. కుంకుమ తీసుకుని నా నోటి దాకా వచ్చింది.

"అమ్మా! అది పీల్చేది. కుంకుమ పీల్చమంటావా నన్ను?" అని లిఖిత లాక్కుంది.

"సరేలేవే. కానీ చెప్తున్నా, ఇంకొక్కసారి బడిలో ఆయాసమొచ్చిందంటే మాన్పించేస్తా. నా కళ్లముందే పడుందువుగాని."

పిల్ల నన్ను పావడా అంచుతో తుడిచి, "నా పరువు తియ్యమాక" అని నా చెవిలో చెప్పింది. నాకు చెవి లేదు. అయినా విన్నాను.

హెడ్మాస్టరు సాంబశివరావు గారు మంచి మనిషి. ఆయనకు ఉన్నది ఒకటే అలవాటు: కొత్త వస్తువు కనిపిస్తే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నన్ను సంచితో సహా ప్రసాదం అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నారు.

"మందమ్మా ఇది! పిల్లల దగ్గరుంటే పోద్ది. నా దగ్గరుంటే నీకు బెంగుండదు."

"సార్, డాక్టరమ్మ నా దగ్గరే..." అని లిఖిత అంటూ ఉండగానే తల్లి వీపు మీద గిల్లింది. ఆపైన ఆయనకు దండం పెట్టి నిశ్చింతగా వెళ్లిపోయింది.

ఆ చెక్క బీరువాలో పెద్ద సంసారమే ఉంది. కవరు విప్పని క్యారమ్ బోర్డు, గాలి ఎరగని వాలీబాల్, ఆరేళ్లుగా దేన్నీ చూడని మైక్రోస్కోపు.

"నీకేం జబ్బయ్యా, లోపలేశారు?" అని వాలీబాల్ అడిగింది.

"జబ్బు నాకు కాదు. నేను మందుని."

"మేమూ ఆటలకే వచ్చాంలే" అంది అది.

తొమ్మిదో రోజున లిఖిత చదివే అయిదో తరగతిని పాతగదిలోకి మార్చారు. వేసవంతా మూసి ఉన్న గది. మన బళ్లలో గది మారితే ముందు చీపుర్లు పడతారు కదా. లిఖిత వద్దనవచ్చు. కానీ అంటే అందరూ మందుల పిల్ల అంటారని ఆమె భయం. చీపురు పట్టుకుంది. కాసేపటికి దగ్గు మొదలైంది. ఆపైన పిల్లనగ్రోవిలాంటి ఆ కూత. తలుపు చెక్కలోంచి నాకు వినిపిస్తూనే ఉంది. నా పొట్టలో రెండు వందల మోతాదులున్నాయి, నాకూ ఆమెకూ మధ్య ఒక తాళం ఉంది. తాళంచెవి హెడ్మాస్టరు మొలతాడుకు ఉంది. ఆయన మండలాఫీసులో మీటింగులో ఉన్నారు.

వాళ్ల తరగతి కల్యాణి టీచరు ఆయనకు ఫోను మీద ఫోను చేసింది. "సారు ఎత్తట్లేదే!" పిల్లలు లిఖితను బల్లమీద పడుకోబెట్టి అట్టలతో విసురుతున్నారు. అప్పుడు మధ్యాహ్నం భోజనం వండే అంకమ్మ వచ్చింది.

"పడుకోబెడితే ఊపిరెట్టా ఆడిద్దిరా? కూర్చోబెట్టండి! మందేది?"

"బీరువాలో ఉంది. తాళం సారు దగ్గరుంది. పగలగొడితే... గవర్నమెంటు బీరువా అంకమ్మా!"

"పిల్ల మనది గదా టీచరమ్మా!"

వంటగదిలోంచి పచ్చడి బండ తెచ్చింది. మూడు దెబ్బలు. తాళం గట్టిదే, గొళ్లెమే ఊడి కిందపడింది. తొమ్మిది రోజుల తర్వాత వెలుతురు చూశాను.

కల్యాణి టీచరు సంచిలోంచి కాగితం తీసి, కంగారులో ఒక వరుస వదిలి ఇంకో వరుస చదువుతోంది. అంకమ్మ అందుకుంది. మొగుడు పోయాక, యాభై దాటిన వయసులో, వయోజన బడికెళ్లి అక్షరాలు నేర్చుకున్న మనిషి. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. "బా...గా... ఊపాలి. ఒక...సారి... నొక్కాలి. అయిదు ఊపిర్లు... మెల్లగా... తియ్యాలి. అర నిమిషం... ఆగి... మళ్లీ."

నా పనికి తొందర పనికిరాదు. గబగబా చదవగలిగినవాళ్లు గబగబా నొక్కేసేవాళ్లేమో! అంకమ్మ చదువు వేగం నాకు సరిగ్గా సరిపోయింది. లిఖిత ఆ మాటల వెంటే ఊపిరి తీసింది. నాలుగోసారి నొక్కేసరికి కూత సన్నగిల్లింది. పెదాలకు రంగొచ్చింది. అయినా ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించారు.

విషయం తెలిసి శివపార్వతి చేలోంచి ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది. వెనకే హెడ్మాస్టరు.

"ఇక బడీ లేదు, గిడీ లేదు. పద ఇంటికి!" అంది తల్లి.

లిఖిత మంచం మీద నిటారుగా కూర్చుంది. "అమ్మా, నాకు ఊపిరాడంది బడి వల్ల కాదు. తాళం వల్ల."

హెడ్మాస్టరు మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నారు. "తప్పు నాదేనమ్మా శివపార్వతీ. జాగ్రత్త అనుకున్నా. పిల్లను మాన్పించమాక" అన్నారు. డాక్టరమ్మ కూడా నన్ను పిల్ల దగ్గరే ఉంచమని గట్టిగా చెప్పింది.

మర్నాడు శివపార్వతి మధ్యాహ్నందాకా బడి గోడ పక్కనే కూర్చుంది. మూడో రోజున కూలికి వెళ్లింది. అంకమ్మ పాత చీర చెంగుతో సంచి కుట్టి నన్నూ స్పేసర్‌నీ అందులో వేసి లిఖిత భుజానికి తగిలించింది. ఊడ్చేముందు హెడ్మాస్టరే నీళ్లు చిలకరిస్తున్నారు, లిఖితకు చీపురు బదులు నల్లబల్ల తుడిచే తడిగుడ్డ ఇచ్చారు. మందుల పిల్ల అని ఎవరూ అనలేదు. అందరికీ నన్ను ఊపి చూడాలనే సరదా! ఇక క్యారమ్ బోర్డు కవరు విప్పారు. వాలీబాల్ గాలి పోసుకుని మొదటి రోజే మురుక్కాలవలో పడింది. అంత సంతోషంగా ఉన్నవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు నా పొట్ట ఖాళీ. లిఖిత భుజాన నాలాంటి కొత్తవాడు వేలాడుతున్నాడు. ఏటా బడి తెరిచిన వారంలో నన్ను బీరువాలోంచి తీసి, ఎలా నొక్కాలో అందరు పిల్లలకూ చూపిస్తారు. పనైపోగానే మళ్లీ బీరువాలో పెడతారు. నాలో ఇప్పుడు ఎవరికీ పనికొచ్చే ఊపిరి లేదు కాబట్టి తాళం వేసినా బాధలేదు. కానీ వేయరు. ఊడిన గొళ్లెం ఇంతవరకూ ఎవరూ బిగించలేదు. తలుపు తెరుచుకోకుండా ఒక సుద్దముక్క అడ్డం పెడతారు, అంతే.