మొదటి చెంచా

పూసాన్ రేవు పక్కనున్న ఆ సరుకు రవాణా కంపెనీలో ప్రతి గురువారం పొద్దున్నే వ్యాపార ఇంగ్లీషు క్లాసు. ఆ వేళ పాఠం, వయసు మళ్ళినవాళ్ళను ఏమనాలీ అని. ఆఫీసు మొత్తానికి యాభై దాటింది ఫ్యో మాల్‌సున్ ఒక్కతే కాబట్టి ఉదాహరణ కూడా ఆవిడే.

"ఓల్డ్ అనకూడదు, మరీ మొరటు. సీనియర్ అనాలి," అంది టీచర్ తాక్.

అందరూ మాల్‌సున్ వైపు తిరిగి "సీనియర్" అన్నారు. ఆవిడ నీడ పోయింది. "మెచ్యూర్" అన్నారు. ఎర్ర స్వెటర్ వెలిసిపోయింది. "గోల్డెన్ ఇయర్స్" అనేసరికి ఆవిడలోంచి కిటికీ, అవతలి క్రేన్లు కనిపించాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తగలకుండా తప్పుకుని నడిచారు, అంతే. ఎంత మర్యాదస్తులో!

క్లాసయ్యాక కొత్తగా చేరిన కిల్ తేయో వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు.

"లేవయ్యా, నేనింకా బతికే ఉన్నాను."

"డైరెక్టర్‌గారు కూర్చోమన్నారు మేడమ్."

డైరెక్టర్ ఓమ్ కూడా క్లాసులోంచే నవ్వుతూ వచ్చాడు. "సోమవారం నుంచి మీరు మా సీనియర్ అడ్వైజర్. ఇంటి దగ్గరే హాయిగా ఉండండి. సలహా కావాలంటే మేమే అడుగుతాం."

అడగరని ఆవిడకు తెలుసు. ఈ కుర్చీలో కూర్చునే తుపానుల్లో చిక్కిన ఓడల్ని ఒడ్డుకు చేర్చింది.

మధ్యాహ్నం ఆవిడ వీడ్కోలు భోజనం. చేపల పులుసు పొగలు కక్కుతోంది. అక్కడి ఆచారం ప్రకారం అందరిలోకీ పెద్దవాళ్ళు చెంచా ఎత్తందే మిగతావాళ్ళు ముట్టకూడదు. మాల్‌సున్ ఎత్తబోతే చెంచా వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ జారిపోయింది. అందరూ గుటకలు మింగుతూ కూర్చున్నారు.

"ఆవిడ తర్వాత పెద్ద మీరేగా, మీరు ఎత్తండి సార్," అన్నాడు తేయో ఆకలికి ఆగలేక.

"నేనా? నేనేం ముసలాణ్ణా!" రంగేసిన జుట్టు సర్దుకుంటూ కస్సుమన్నాడు ఓమ్.

"నువ్వు కాదులేవయ్యా, నేను," అంది మాల్‌సున్. అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఐయామ్ ఓల్డ్. ముసలిదాన్ని. వినబడిందా?"

స్వెటర్ ఎర్రబడింది. నీడ వచ్చి బల్లమీద పడింది. ఆవిడ బరువుకి కుర్చీ కిర్రుమంది. చెంచా పట్టుకుంది, కానీ ఎత్తలేదు.

"సోమవారం నా కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

పులుసు చల్లారుతోంది. బల్లచుట్టూ ఉన్నవాళ్ళంతా ఓమ్‌ను కొరకొరా చూశారు.

"మీరే," అన్నాడు గొణుగుతూ.

"మీరంటే ఎవరు? పొద్దున అంత బాగా నేర్చుకున్నావు, ఇంగ్లీషులోనే చెప్పు."

ఓమ్ బల్ల చివర కూర్చున్న టీచర్ తాక్ వైపు చూశాడు. ఆవిడ పులుసు వైపు చూస్తోంది.

"ఓల్డ్... ఓల్డ్ ఫ్యో మేడమ్."

"గట్టిగా."

"ఓల్డ్ ఫ్యో మేడమ్!"

అప్పుడు మాల్‌సున్ చెంచా ఎత్తింది.