నవ్వకూడని వేలం

నెలకో ఆదివారం మా మేడమీద పాత నాణేల వాళ్ళు చేరతారు. మా మావయ్యగారు జగన్నాధం గారు ఆ సంఘానికి అధ్యక్షులు. కరెంటాఫీసులో రిటైరయ్యాక ఆయనకి దొరికిన కొలువు అదే. నేను ఆ ఇంటి కోడల్ని, ఝాన్సీ. వారమంతా ఎచ్చెర్ల దగ్గర ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పి, చిక్కిన ఒక్క ఆదివారం పూట వాళ్ళందరికీ ఉప్మా కలిపి, టీ పట్టుకుని మేడమెట్లు ఎక్కడం నా వంతు. నాణేలంటే నాకు ప్రేమ లేదని ముందే చెప్పేస్తున్నాను.

వాళ్ళ వాదనలు మాత్రం వినడానికి బాగుంటాయి. మా శ్రీకాకుళంలోనే వెండికొట్టు నడిపే ధనరాజ్ గారు అమ్మేవాళ్ళ తరఫున మాట్లాడతారు. విజయనగరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే నరసింగరావు గారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కొనేవాళ్ళ తరఫు. మావయ్యగారు ఎవరు గెలుస్తుంటే వాళ్ళకి ఎదురు తిరుగుతారు.

"ముప్ఫై తొమ్మిదో సంవత్సరం వెండిరూపాయి రేటు ఇంక దిగదండీ. దొరకదు గనకే అంత పలుకుతాది" అంటారు ధనరాజ్ గారు.

"దొరక్కపోవడమేటయ్యా? ఈ గదిలో ప్రతివాడి దగ్గరా ఒకటున్నాది. అంత అరుదైన సరుకు అందరి దగ్గరికీ ఎలాగొచ్చింది?" అని నరసింగరావు గారు.

"అందులో సగం దొంగవి."

"ఏ సగం?"

"మీ దగ్గరున్న సగం."

అందరూ నవ్వుతారు. అప్పుడు మావయ్యగారు గొంతు సవరించుకుంటారు. "రేటంటే ఏటనుకుంటన్నారు మీరు? ఇద్దరు పిచ్చోళ్ళు ఒకే రోజు ఒకే నాణెం మీద మనసు పడితే అది రేటు. ఒక్కడే పడితే అది ఆడింట్లో గొడవ." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో నాకు తెలీదు గాని అన్న ప్రతిసారీ కొత్తగా అన్నట్టే అంటారు.

వాళ్ళందరినీ ఒక్కతాటి మీదకి తెచ్చేది మాత్రం ఫోన్లలో తిరిగే వీడియోలు. మీ ఇంట్లో ఈ పాత నాణెం ఉందా, అయితే మీరు లక్షాధికారి అని చెప్పే వీడియోలు. వాటిని చూసి ధనరాజ్ గారి కొట్టుకి రోజుకొకరు వస్తారట. ఆ కోపాన్ని వీళ్ళు వేళాకోళంగా మార్చుకున్నారు. ఏటా ఆగస్టులో సంఘం వార్షికోత్సవం రోజున ఉత్తుత్తి వేలం పెడతారు. ఎవరో ఒకరు ఒక వేషగాణ్ణి పిలిపిస్తారు. ఒక ఏడు బియ్యపు గింజల్ని అయస్కాంతంలా లాగే రాగినాణెం ఉందంటూ ఒక స్వామీజీ వచ్చాడు. మరో ఏడు జమీందారు మనవణ్ణంటూ నాటకాల్లో వేసే కుర్రాడొచ్చాడు. వచ్చినవాడు పనికిమాలిన నాణెం చూపిస్తే వీళ్ళు లక్షల్లో పాడాలి. నియమం ఒక్కటే, నవ్వకూడదు. మొదట నవ్వినవాడు అందరికీ బిర్యానీ పెట్టించాలి. అందుకని అంతా చావు కబురు వింటున్నట్టు ముఖాలు పెట్టుకుని పాడతారు.

మొన్నటి వార్షికోత్సవం రోజు పొద్దుట్నుంచీ వాన. ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఒకావిడ, కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉంది.

"నాణేలు కొనే బాబులు ఈడేనా అమ్మా? ఎండికొట్టు కాడికెల్తే మూసున్నాది. పక్క కొట్టోలు ఈ ఇల్లు సెప్పినారు."

పేరు కూర్మమ్మ, ఊరు కళింగపట్నం. గుప్పిట్లో చిన్న గుడ్డమూట. విప్పి చూపించింది. మధ్యలో చిల్లు ఉన్న పాత కాణి. ధనరాజ్ గారు అలాంటివి గిన్నెలో పోసి పెట్టుకుంటారని నాకే తెలుసు.

"మా అత్త దేవుడి గూట్లో దాసింది. దీనికి లచ్చలిస్తారని ఫోనులో సూపించినారమ్మ. నిజమేనా?"

"అంత రాదమ్మా. పైకెళ్ళి అడిగి చూడు" అన్నాను. ఆవిడకి చివరి మాటే వినబడినట్టుంది. ముఖం విప్పారింది. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ మిగతాది చెప్పింది. భర్త గంగులు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సులో కూర్చుని ఉన్నాడు. గుజరాత్ బోట్ల మీద పనికి మేస్త్రి మనుషుల్ని పోగేసుకుని తీసుకెళ్తున్నాడు. విశాఖపట్నం దాకా బస్సు, అక్కడ్నించి రైలు. పోయినేడు గంగులూ, తమ్ముడు నాగబాబూ కలిసే వెళ్ళారు. నడిసముద్రంలో వల లాగుతుంటే తాడు కాలికి చుట్టుకుని నాగబాబు పడిపోయాడు. శవం దొరకలేదు. ఇక్కడ గడ్డిబొమ్మకి తలకొరివి పెట్టారు.

"కళ్ళముందే పోనాడమ్మా తమ్ముడు. అప్పట్నుంచి మా మావ మనిషిలాగ నేడు. నీళ్ళు సూస్తే సేతులొణుకుతాయి. అయినా అడ్వాన్సు తినేసినాం గదా, ఎల్లకపోతే ఎలాగ? ఇది అమ్ముడైతే ఆడి అడ్వాన్సు ఆడి మొకాన కొట్టేసి మా మావని దింపేస్తాను. పది గంటలకి బస్సు కదిలిపోతాది."

తొమ్మిదిన్నర దాటింది. ఆవిడ మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఆ పూట వేలం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు, టీ కోసం వంటింట్లోకి వెళ్ళాను.

పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మావయ్యగారికి ఈసారి వేషగాడు కుదరలేదు. ఆవిణ్ణి చూడగానే ధనరాజే తనకి తెలీకుండా పంపించాడనుకున్నారు. ధనరాజ్ గారు మావయ్యగారి ఏర్పాటే అనుకున్నారు. నరసింగరావు గారైతే, తడిసిన చీరా, చేతిలో గుడ్డమూటా చూసి, ఈ ఏడు మంచి నటిని పట్టారని మనసులో మెచ్చుకున్నారట. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎవరమ్మా నువ్వు అని అడగలేదు. భూతద్దం పెట్టి కాణిని అటూ ఇటూ తిప్పి, రెండు లక్షలతో మొదలుపెట్టారు.

నేను టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి వేలం సాగుతోంది. కూర్మమ్మ నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. ఎవరు పాడితే వాళ్ళ ముఖంలోకి చూస్తోంది.

"పదకొండు లక్షలు" అన్నారు నరసింగరావు గారు, పెదవి బిగపట్టి.

"పన్నెండు" అన్నారు ధనరాజ్ గారు.

"పన్నెండు లక్షలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అంటూ మావయ్యగారు బల్ల మీద చెక్కసుత్తితో కొట్టారు. ఆయన ముఖంలో చిరునవ్వన్నది లేదు. ఆ పూట అంత బాగా ఆడారు అందరూ.

కూర్మమ్మ నేలకి నుదురు ఆనించి దండం పెట్టింది. వెంటనే రొంటిన ఉన్న ఫోను తీసింది.

"మావా! దిగిపో. బస్సు దిగిపో మావా! అమ్ముడైపోనాది. పన్నెండు లచ్చలు! ఆ మేస్త్రికి సెప్పీ, రేపొచ్చి అడ్వాన్సు అట్టుకెళ్ళమను. నువ్వు దిగిపో ముందు. నువ్వింక ఆ నీళ్ళకి ఎల్లక్కర్నేదు." ఏడుస్తూనే నవ్వుతోంది. కాంప్లెక్సు వెనక వీధి, మేడ ఇల్లు అని గుర్తులు చెప్పింది.

నా చేతిలో పళ్ళెం ఎలా కింద పెట్టానో తెలీదు. "ఏం చేస్తున్నారు మీరంతా?" అని అరిచాను.

దాంతో నరసింగరావు గారికి ఇంక నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వేశారు. "ఓడిపోయాను, నేనే ఓడిపోయాను! బిర్యానీ నాది. ఆ ఫోను ముక్క మాత్రం అదిరిందయ్యా. ఎక్కడ పట్టావు ధనరాజూ ఈవిణ్ణి?"

"నేనెక్కడ పట్టానండీ? మీ అధ్యక్షుడి పనే గదా."

"నాను కాదు" అన్నారు మావయ్యగారు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కూర్మమ్మ ఇంకా అందరి వంకా చూస్తోంది, ఏదో పెద్దవాళ్ళ సరదా, తనకి అర్థం కానిది అన్నట్టు. నేనే పక్కన కూర్చుని చెప్పాను. ఇది ఆట అమ్మా, ఏటా ఆడుకుంటారు, ఆ కాణికి ఏమీ రాదు, ముందు ఫోను చేసి ఆయన్ని బస్సెక్కమను అని. రెండోసారి చెప్పాక ఆవిడ ఫోను నొక్కింది. గంగులు ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఎత్తలేదు. గోడ గడియారంలో పది దాటిపోయింది.

అంతలో మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. వానలో పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, భుజాన సంచితో వగరుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయేమో. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా చేతులెత్తి దండం పెట్టాడు.

"మీ కడుపులు సల్లగుండాల బాబూ. నా పేనం నిలబెట్టినారు" అన్నాడు.

ఆ దండం తీసుకోవడానికి ఒక్కడికీ ముఖం లేదు. వేలంలో అంత గొంతులు పెంచినవాళ్ళు నేల చూపులు చూశారు. చివరికి కూర్మమ్మే లేచింది.

"నేదు మావా. ఎగతాలికి అడిగినారంట."

అతను ఆవిడ వంకా, మా వంకా చూశాడు. తిట్టలేదు. భుజం మీది సంచి మాత్రం కిందికి దించలేదు.

"ఆ అడ్వాన్సు మీరంతా కలిసి కట్టేయండి. ఇప్పుడే" అన్నాను నేను. నా చేతిలో ఉన్నది ఆ నెల కూరల డబ్బు. మేడ మీద ఉన్న నాణేల డబ్బాల్లో ఎంత వెండి ఉందో నాకు తెలుసు.

"కట్టొచ్చమ్మా" అన్నారు నరసింగరావు గారు మెల్లగా. "కానీ ఈరోజు ఒక కాణికి ఇచ్చామని తెలిస్తే రేపు ఊరూరూ కాణీలు పట్టుకుని గేటు ముందు నిలబడుతుంది. అది ఆలోచించాలి."

"అడ్వాన్సు ఒక్కటీ కడితే సరిపోతుందా? ఈ సీజనంతా ఏం తింటారు? అదీ మనమే పెడతామా?" అన్నారు ధనరాజ్ గారు.

"పోనీ తలా కొంత..." అని మావయ్యగారు మొదలుపెట్టారు. తలా ఎంత అన్న దగ్గర ఆగింది. పాడింది కొందరే గదా అని ఒకాయన గుర్తుచేశారు. అసలు తప్పు ఆ వీడియోలదని ఇంకొకాయన అన్నారు. ముప్ఫై తొమ్మిదో సంవత్సరం రూపాయి మీద ఎలా వాదించుకున్నారో అచ్చం అలాగే వాదించుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి తడిబట్టలతో గుమ్మంలో నిలబడి ఉండగానే అతనికి రేటు కడుతున్నారు.

ఆ వాదన ఆపింది గంగులే.

"బాబూ, ఆ బస్సు ఇప్పటికి ఎంతదూరం ఎల్లుంటాది?"

ఆ ప్రశ్నకి మాత్రం అందరికీ ఒకేసారి ప్రాణం లేచొచ్చింది. ఎచ్చెర్ల దాటి ఉంటుంది, రణస్థలం దగ్గర పట్టుకోవచ్చు, వాన గనక మెల్లగా వెళ్తుంది. ధనరాజ్ గారు కారు తాళాలు తీశారు. ఖర్చు లేని సాయం దొరికిందని ఎంత ఉత్సాహమో. మావయ్యగారు ముందు సీట్లో, మేం ముగ్గురం వెనకాల. నేనెందుకు ఎక్కానంటే కూర్మమ్మని వాళ్ళతో ఒంటరిగా పంపబుద్ధి కాలేదు.

దారి పొడుగునా మావయ్యగారు "తొక్కు, ఆ లారీని దాటు" అంటూనే ఉన్నారు. గంగులు అరిచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, వణుకు మాకు కనబడకుండా. కూర్మమ్మ ఆ చేతుల వైపే చూస్తోంది. నీళ్ళు పట్టిన మడులు వెనక్కి పోతున్నాయి. రణస్థలంలో బస్సు లేదు. విజయనగరం జిల్లాలోకి వచ్చేశాం. బస్సు దొరక్కపోతే బాగుండునని నాకు ఒక్కసారి అనిపించింది. దొరక్కపోతే వాళ్ళ గతేమిటన్నది కూడా వెంటనే గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది.

పూసపాటిరేగ దగ్గర టీ హోటలు ముందు బస్సు ఆగి ఉంది.

"దొరికింది! హమ్మయ్య, దొరికిందయ్యా" అన్నారు మావయ్యగారు. ధనరాజ్ గారు స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వారు. ఇద్దరూ నిజంగా సంతోషించారు. పొద్దుట్నుంచీ వాళ్ళ ముఖాల్లో చూసిన మొదటి నిజమైన నవ్వు అది.

మేస్త్రి గంగుల్ని బూతులు తిట్టి, ఎక్కమన్నాడు. గంగులు బస్సు తలుపు రాడ్డు పట్టుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు లేవలేదు. డ్రైవరు హారను కొట్టాడు. అతను కూర్మమ్మ వైపు తిరిగి చూశాడు. అంత భయం పట్టిన మగాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పిల్లాడు బడి గుమ్మంలో అమ్మ వంక చూసినట్టు చూశాడు.

"ఎక్కు మావా" అంది కూర్మమ్మ. అతను కదల్లేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, వీపు మీద రెండు చేతులూ ఆనించి, లోపలికి నెట్టింది. తలుపు మూసుకుంది.

బస్సు కనబడకుండా పోయేదాకా ఆవిడ రోడ్డు మీదే ఉంది. మావయ్యగారు గొడుగు పట్టుకుని వెళ్ళారు. "రామ్మా, మీ ఊళ్ళో దింపేస్తాం" అన్నారు.

ఆవిడ ఆయన వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండును.

"బాబూ, రేటు పాడినప్పుడు మీరు ఒక్కరైనా నవ్వుంటే నాను తెలుసుకుందును" అంది. "ఒక్కరైనా నవ్వనేదు."

గొడుగు కిందికి రాకుండా శ్రీకాకుళం వైపు నడవడం మొదలుపెట్టింది.