పాత రిపోర్టు చూసి గీసిన గీత

కొత్త ఎకో మిషను వచ్చిన రోజు డాక్టరుగారి ముఖం చాటంత అయింది. ఛాతీ మీద ప్రోబు ఆనించి నాలుగు గుండె చప్పుళ్ళు పట్టుకుంటే చాలట. గుండెను మూడువైపులా కనిపించే బొమ్మగా నిలబెట్టి, లోపలి అంచు వెంట గీత తనే గీసి, ఎంత శాతం రక్తం బయటికి నెడుతోందో తనే చెప్పేస్తుంది. గీత తప్పనిపిస్తే చేత్తో జరుపుకోవచ్చు. మొత్తం ఆరు నిమిషాలు.

ఆ గదిలో ఎకో పరీక్షలు తీసే అక్కకు ఒళ్ళు మండింది. మండదూ మరి? పాతికేళ్ళుగా ఆ గీత గీసింది ఆవిడ చెయ్యే. అరగంట పట్టేది. ఆ అరగంటా పరుపు మీది మనిషి ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఇంటికెళితే ఆవిడను పలకరించే నాథుడు లేడు. భర్త పోయి పదకొండేళ్ళు, ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమనడం తప్ప చప్పుడే లేదు. ఆవిడ మాటలన్నీ ఈ చీకటి గదిలోనే.

అందరిలోకీ ఆవిడ ఎదురుచూసేది దర్జీ బాబాయ్ కోసం. మూడు నెలలకోసారి వచ్చి, ఎడమవైపు తిరిగి పడుకుని, ఊళ్ళో అందరి నడుముల గుట్టూ విప్పేవాడు. కొత్త మిషను వచ్చాక మొదటిసారి వచ్చిన రోజూ అంతే.

"ఆ బ్యాంకు మేనేజరు నడుము నలభై రెండమ్మాయ్. పుస్తకంలో ముప్పై ఎనిమిదే రాయమంటాడు!"

"రాస్తావా?"

"రాస్తా. కుట్టేది నలభై రెండుకే. ఆయనకూ సంతోషం, నాకూ సంతోషం."

"సరేలే, నవ్వించకు. ఊపిరి పట్టు."

అక్క మిషను మీట నొక్కింది. గీత చకచకా చుట్టుకుంది. పక్కన అంకె: ముప్పై ఒకటి.

పోయినసారి నలభై ఐదు. అంతకుముందూ నలభై ఐదే. ముప్పై ఐదు దిగితే పెద్దాసుపత్రికి పంపాలి, ఛాతీలో పరికరం పెట్టాలేమో వాళ్ళు చూస్తారు. ఇక చూపించుకోవడమూ అక్కడే. బాబాయ్ ఈ గదికి రాడు.

"మిషను మొహం! దీనికేం తెలుసు?" అని గొణుక్కుంటూ, గుండె ముడుచుకున్న బొమ్మలో గీతను చేత్తో లోపలికి జరిపింది. ముప్పై నాలుగు. ఇంకాస్త. ముప్పై తొమ్మిది. నలభై ఐదు. హమ్మయ్య.

అప్పుడు బొమ్మను నడిపి చూసింది. గుండె గోడ ఉన్నచోటే ఉంది. ఆవిడ గీత దాన్ని వదిలేసి రక్తం ఉన్న నల్లటి జాగాలో ఒంటరిగా నిలబడింది. సరిగ్గా పోయినసారి గీసిన చోటే.

అక్కకు అంతా తెలిసిపోయింది. ప్రతిసారీ ముందు పాత రిపోర్టు తీసి చూసేది. అంకె మనసులో పెట్టుకుని గీసేది. చెయ్యి ఆ అంకె దగ్గరికే పోయేది. గుండె ఎప్పుడు నీరసించిందో, ఎన్ని నెలలు వృథా అయ్యాయో దేవుడికే తెలియాలి. తన మీద తనకే అసహ్యం వేసింది.

గీతను మళ్ళీ గోడ మీదికి తెచ్చింది.

"ఎప్పటిలాగేనా అమ్మాయ్?"

"కాదు బాబాయ్. ముప్పై ఒకటి. మిషను తప్పు కాదు. ఇన్నాళ్ళూ నేనే ఎక్కువ రాశాను."

ఆయన ఎడమవైపు నుంచి వెల్లకిలా తిరిగాడు.

"నన్ను మేనేజర్ని చేశావన్నమాట," అన్నాడు. "నేను కుట్టేది మాత్రం సరైన కొలతకే కుడతానమ్మాయ్."

అక్క పెద్దాసుపత్రి కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన లేచి ఛాతీ మీది జెల్ తుడుచుకుని, ఆ తుండుగుడ్డను ఎప్పటిలాగే అంచుకు అంచు కలిపి మడిచి పరుపు మీద పెట్టాడు. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటావ్?" అని ప్రతిసారీ అడిగే మనిషి, ఈసారి అడగకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాతి మనిషి రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అక్క ఆ మనిషి పాత రిపోర్టును బోర్లా తిప్పి పెట్టింది. తుండుగుడ్డ మడత విప్పబుద్ధి కాలేదు. దాని పక్కనే కూర్చుంది.