మైదానంలో పాముపొడ

మైకులో భాస్కరరావుగారి గొంతు వినబడగానే హేమ టీచరు కాఫీ గ్లాసుతోనే వీధిగుమ్మంలోకి వచ్చి నిలబడింది. అల్లవరం దగ్గర ఆ ఊళ్ళో ఏ కబురైనా పంచాయతీ మైకులోనే చెప్పాలి. కుళాయి రాకపోయినా, గేదె తప్పిపోయినా, ఎవరింట చావైనా అంతే. ఆ వేళ కబురేమిటంటే, హైస్కూలు మైదానంలో గడ్డి చచ్చిపోతోందట. ఆడపిల్లలు కబడ్డీ ఆడి, దొర్లి పాడుచేశారట. ఇకమీదట వాళ్ళెవరూ అందులో కాలు పెట్టకూడదట.

కాఫీ చల్లారిపోయింది గానీ హేమ ఒళ్ళు మాత్రం సలసల కాగిపోయింది. మండదూ మరి? ఆ పిల్లలకు ఆట నేర్పేది తనే. జట్టులో సగంమంది ఊరి చివర పేట పిల్లలు. కెప్టెను శాంతి తల్లి పొద్దున్నే రొయ్యల చెరువుల మీదికి పనికి పోతే, ఆ పిల్ల ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తమ్ముణ్ణి బడికి తయారుచేసి, అప్పుడు ఆటకొస్తుంది. దసరా సెలవులు కాగానే అమలాపురంలో పోటీలు. నిరుడు ఓడిపోయి బస్సులో దారి పొడుగునా ఏడుస్తూ వచ్చారు. ఇప్పుడు మైదానమే లేదంటే సిమెంటు రోడ్డు మీద ఆడి మోకాళ్ళు పగలగొట్టుకుంటారా?

సాయంత్రం నేరుగా మైదానానికే వెళ్ళింది. మైదానం కమిటీకి భాస్కరరావుగారే ప్రెసిడెంటు. చేను చూసుకుని వచ్చి, మోటారు వేయించి, కుర్చీ వేసుకుని, గడ్డి మీద నీళ్ళు గుండ్రంగా తిరుగుతూ చిమ్ముతుంటే చీకటి పడేదాకా చూస్తూ కూర్చోవడం ఆయనకు మహా సరదా.

"పిల్లల్ని నేనేమీ అనలేదండీ టీచరుగారూ. గడ్డిని కాపాడుకుందామన్నానంతే," అన్నాడాయన లేవకుండానే.

"మగపిల్లలు క్రికెట్టు ఆడతన్నారు కదండీ. వాళ్ళ కాళ్ళు గాల్లో ఉంటాయా?"

"వాళ్ళు పరిగెడతారండీ. వీళ్ళు పడి దొర్లుతారు. సుకుమారమైన గడ్డండీ అది."

సుకుమారమట. ఆ మాటకే హేమకు మరీ మండింది. రావులపాలెంలో ఓ ఫంక్షను హాలు ముందు చూసి ముచ్చటపడి, కడియం నర్సరీలనుంచి ఆ మెక్సికన్ గడ్డి తెప్పించింది ఆయనే. ఆడుకునే చోటికి గరికైతే ఎండకూ తొక్కుడికీ తట్టుకుంటుందని ఆవిడ ఆనాడే చెప్పింది. "గరిక వినాయకుడికండీ, స్కూలుకి కాదు," అని నవ్వేశాడు. ఎండలో ఉన్న సగానికీ, కొబ్బరిచెట్ల నీడలో ఎప్పుడూ తడారని సగానికీ అదే పరిచాడు. ఇక పెంచడమంటారా, వరిచేను పెంచినట్టే పెంచాడు. రోజూ సాయంత్రం నీళ్ళు, కాస్త పాలిపోతే బస్తా విప్పి యూరియా.

ఆ మర్నాడు చుట్టూ తాడు కట్టించాడు. పిల్లలు తాడు ఇవతల బాటమీద చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఏ ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. అయినా గడ్డిలో అక్కడక్కడా ఎండిన గుండ్రటి మచ్చలు పళ్ళేలంత ఉన్నవి చాటలంత అయ్యాయి.

"మేడంగారండీ, రాత్రుళ్ళు మేం నిద్దట్లో నడిచొచ్చి దొర్లుతున్నామేమోనండీ," అంది ఓ పొద్దున శాంతి. తక్కిన పిల్లలు కిసుక్కున నవ్వారు. హేమకు నవ్వు రాలేదు. తాడు దాటి వెళ్ళి వంగి చూసింది. మచ్చ అంచున, మంచుతడిలో, సాలెగూడులా తెల్లటి పోగులు. ఆకుల మీద బూడిదరంగు మచ్చలు, వాటి చుట్టూ గోధుమరంగు గీత. పాదం తొక్కితే ఆకు నలగాలి గానీ, ఇలా రంగులు వేసినట్టుంటుందా? గుప్పెడు పీకి రుమాల్లో చుట్టుకుంది.

భాస్కరరావుగారు అప్పుడు చేలోనే ఉన్నాడు. మోకాలిలోతు దిగి, దుబ్బులు విడదీసి మొదళ్ళు చూసుకుంటున్నాడు. హేమ గట్టుమీద నిలబడి రుమాలు విప్పి చెయ్యి చాపింది. నోరు తెరిచేలోపే ఆయన ఓ ఆకు తీసి, పంచెకు తుడిచి, వెలుగుకు పెట్టి చూశాడు.

"పాముపొడ తెగులండీ. పాము ఒంటిమీది పొడల్లా లేవూ? ఎవరిదండీ చేను? గట్టుమీది గడ్డిలా ఉందే. దీన్నించే చేలోకి పాకుద్దండీ. ముందు నీళ్ళు తీసెయ్యమనండి. యూరియా ముట్టుకోవద్దని చెప్పండి, అది వేసేకొద్దీ రెచ్చిపోద్ది. మొదటి మచ్చ కనబడ్డప్పుడే మందు కొట్టాలి. అదీ మంచు ఆరేక, వాన లేనప్పుడు. కొట్టేసి వెంటనే నీళ్ళు పెడితే మందంతా కాలవపాలే."

"ఆయ్. అలాగే చెప్తానండీ," అంది హేమ. "మన గ్రౌండుదండీ ఇది."

ఆయన చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. కిందటివారమే ఏదో మందు తెచ్చి సాయంత్రం కొట్టించి, ఆ వెనకే మోటారు వేయించింది గుర్తొచ్చిందో ఏమో, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"లాన్‌కి కూడా వస్తుందాండీ?"

"నాకేం తెలుసండీ. ఇప్పుడు మీరే కదా చెప్పేరు."

గట్టెక్కి కాళ్ళు కడుక్కున్నాడు. "ఇకనించి నీళ్ళు పొద్దున్నే పెట్టిస్తాను, రాత్రికి ఆకు ఆరుద్ది. రేపు ఎండెక్కేక మందు కొట్టిస్తాను. కబడ్డీ ఆడే చోట ఇది తీసేసి గరిక వేయిద్దాం, చెట్లకింద నీడకాగే వెడల్పాకు గడ్డి తెప్పిద్దాం. మందు వాసన పోయేక మీ పిల్లల్ని తీసుకురండి. గొడవెందుకు."

"గొడవ ఎత్తింది నేను కాదండీ. ఊరంతా విన్నారు, గడ్డిని ఆడపిల్లలు చంపేరని. మైకులో అన్నమాట మైకులోనే తియ్యాలి. అప్పటిదాకా తాడు విప్పినా పిల్లలు లోపలికి రారు."

"అంత పట్టుదలేంటండీ?"

"మీ అమ్మాయినే అంటే మీకుండదాండీ?"

ఆయన పంచె దులుపుకుని ఇంటిదారి పట్టాడు. సాయంత్రం పంచాయతీకి వెళ్ళాడు. పక్కనే హేమ నిలబడింది. బయట అరుగుమీద పిల్లలు వరసగా కూర్చున్నారు. మైకు గరగరలాడింది.

"ఊరివారికి మనవండీ. మైదానంలో గడ్డికి పట్టింది పాముపొడ తెగులు. ఆడపిల్లల తప్పేం లేదు. ఎటొచ్చీ ఆ మోటారే సాయంత్రాలు తిరిగి..."

"తిప్పిందెవరండీ?" అంది హేమ. అడిగింది మెల్లిగానే గానీ, మైకు దగ్గరగా ఉండడంతో ఊరంతా వినబడింది.

చెరువుల మీదినుంచి వస్తున్న శాంతి తల్లి దారిలోనే ఆగిపోయింది.

"నేనేనండీ," అన్నాడు భాస్కరరావుగారు.

శాంతి అరుగు దిగి చెప్పులు చేతబట్టుకుని మైదానం వైపు నడిచింది.