తాబేలుకు వైద్యం

పిచ్చేశ్వరరావు గారు ముప్పై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశారు. పుట్టింది పెదపారుపూడిలో. ఉద్యోగమంతా గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలోనే గడిచింది. కడుపులో అడ్డం తిరిగిన దూడని క్షేమంగా బయటికి తియ్యాలంటే ఆయన తర్వాతే ఎవరైనా అనేవారు రైతులు. రిటైరైన ఆరేళ్లకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు గానీ కుడిచెయ్యి పడిపోయింది. పట్టుకునేవాళ్లుంటే నాలుగడుగులు వెయ్యగలరు, అంతే. ఆ తర్వాత ఎవరైనా గేదెకు బాగోలేదని ఫోన్ చేస్తే, "ఇక్కడ డాక్టరెవరూ లేరండీ" అని పెట్టేసేవారు.

ఆయన్ని ఇంట్లోంచి కదిలించాలని కూతురు విజయకుమారి ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొంది. విశాఖపట్నం నుంచి చెన్నైకి ఐదు రోజులు. దారిలో ఆగినచోటల్లా ఒడ్డుకు తీసుకెళ్లి అడవి జంతువుల్ని చూపిస్తామన్నారు. మూడు రోజుల్లో కనబడినవల్లా కొంగలూ, దూరాన ఒక డాల్ఫిన్ వీపూ. ఇక మిగిలింది మచిలీపట్నం ఒక్కటే.

"మూడు రోజులు సముద్రం మీద తిప్పి మళ్లీ మన ఊళ్ల పక్కకే తెచ్చావన్నమాట," అన్నారాయన. ముందురోజంతా ఆయన నోరు విప్పలేదు. ఈ మాత్రం మాట్లాడారని విజయకుమారి సంతోషించింది.

ఓడ సముద్రంలోనే లంగరు వేసింది. పధ్నాలుగుమంది ప్రయాణికులు చిన్న బోటులో గిలకలదిండి చేరి, అక్కణ్ణించి వ్యానులో చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లారు. అక్కడ మాణిక్యం పడవ సిద్ధంగా ఉంది. ఆమెకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లు మడ అడవుల్లో పీతలు పట్టి బతికిన మనిషి. ఈమధ్యే ఆమె, భర్త రాజారత్నం కలిసి టూరిస్టుల్ని తిప్పుతున్నారు. ఇంజను ఆయనది, దారి ఆమెది.

డాక్టరు గారి చక్రాల కుర్చీని చూసి ఓడ కంపెనీ గైడు నితిన్ అడ్డం పడ్డాడు. "సారీ సార్, ఇది పడవలోకి రాదు. మీరు వ్యానులో రెస్ట్ తీసుకోండి."

"కుర్చీ రాకపోతే మానె. మనిషి వస్తాడు గదండీ," అంది మాణిక్యం. రాజారత్నం, తను చేతులు పెనవేసి, డాక్టరు గారిని కూర్చోబెట్టి ఎత్తి పడవలో దించారు. ఆయన సిగ్గుతో తల దించుకున్నారు.

రెండు గంటలు మడ చెట్ల మధ్య తిరిగారు. బురదలో బావురుపిల్లి అడుగులు చూపించింది మాణిక్యం. నీటికుక్కలు చేపలు తిని వదిలేసిన ముళ్లు చూపించింది. జంతువు మాత్రం ఒక్కటీ కంటపడలేదు. పెద్ద కెమెరా మెడలో వేసుకున్న జయంత్ అనే కుర్రాడు, "అడుగులు చూడ్డానికా ఇంత దూరం వచ్చింది?" అని విసుక్కున్నాడు.

కృష్ణా నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట మీద పడవ ఆపారు. ఇరవై నిమిషాలే అన్నాడు నితిన్. ముందు దిగిన జయంత్ కాసేపటికే తిరిగొచ్చాడు.

"అక్కడో తాబేలు చచ్చిపడుంది. పెద్దది."

మాణిక్యం చెప్పులు వదిలేసి పరుగెత్తింది. గంపంత సముద్రపు తాబేలు. తెగిన నీలం వలముక్క మెడకీ ముందుకాలికీ చుట్టుకుని ఉంది. గుడ్లు పెట్టే కాలంలో ఇలాంటివి ఎన్నో చూసిందామె. చూసినవన్నీ చచ్చినవే. అయినా వెనక్కి వచ్చి, "డాక్టరు గారూ, ఒక్కసారి చూస్తారా?" అని అడిగింది.

"నేను గేదెల డాక్టర్నమ్మా."

"ఏదో ఒక డాక్టరే గదండీ."

ఆయన కూతురి వైపు చూశారు. తర్వాత ఎడమచెయ్యి చాపారు. మళ్లీ ఎత్తుకెళ్లి తాబేలు పక్కన ఇసుకలో కూర్చోబెట్టారు. ఆయన వేలితో దాని కంటి మూలన మెల్లగా తాకారు. ఏమీ లేదు. ఇంకోసారి తాకారు. రెప్ప సన్నగా వణికింది.

"బతికే ఉంది," అన్నారు.

నితిన్ కంగారుపడ్డాడు. "ముట్టుకోకూడదు సార్, కేసవుతుంది."

"ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యవయ్యా మరి."

మాణిక్యం దగ్గర వాచర్ బాబూరావు నంబరు ఉంది. నీళ్ల అంచుకు వెళ్తే సిగ్నల్ అందింది. తను వచ్చేసరికి రెండు గంటలు పడుతుందని, డాక్టరు దగ్గరుంటే ఆయన చెప్పినట్టు వల కొయ్యమని అన్నాడు బాబూరావు.

మెడ దగ్గర దారం చర్మంలోకి దిగిపోయింది. ఆ పని కుడిచెయ్యి చెయ్యాల్సింది. ఆయన ఒక్క క్షణం ఆ చేతిని చూసుకున్నారు. తర్వాత ఇసుకలో బోర్లా పడుకుని, ఎడమచేతి రెండు వేళ్లతో చర్మాన్ని విడదీసి పట్టారు.

"మాణిక్యం, నీ కత్తి నా వేళ్ల మధ్య పెట్టు. పైకి లాగుతూ కొయ్యి. కిందికి వద్దు. తొందర లేదు."

వలలు బాగుచేసే కత్తి అది. ఒక్కొక్క పోగే తెగింది. చివరి పోగు తెగేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నీళ్లు మింగి ఉంటుంది. తల కిందికీ వెనకభాగం పైకీ ఉండాలి," అన్నారాయన. దాని వెనక లైఫ్ జాకెట్లు పేర్చారు. నోట్లోంచి నీళ్లు కారాయి. విజయకుమారి చున్నీ తడిపి, ముక్కుకు అడ్డం రాకుండా డిప్ప మీద కప్పింది.

నితిన్ టైము చూశాడు. "ఇంకో చోటు చూడాలి, భోజనం ఉంది. ఆరింటికి ఓడ కదిలిపోతుంది."

జయంత్ కెమెరా తీసి సంచిలో పెట్టాడు. గొడుగు విప్పి తాబేలుకు నీడ పట్టాడు. "ఇంకెక్కడికీ వద్దు బ్రదర్. భోజనం ఇక్కడికే తెప్పించు." మిగతావాళ్లు కూడా ఆ ఎండలోనే కూర్చుండిపోయారు. వంతులవారీగా బకెట్లతో నీళ్లు తెచ్చారు.

గంటన్నర గడిచింది. డాక్టరు గారు దాని మెడ పక్కనించి చెయ్యి తియ్యలేదు. నడుం నొప్పెడుతోందా అని కూతురు అడిగితే తల అడ్డంగా ఊపారు. అలా ఉండగా ఆయన వేళ్ల కింద మెడ ఉబ్బింది. తాబేలు తల ఎత్తి, నోరు తెరిచి, అందరికీ వినబడేలా బుస్సుమని ఊపిరి పీల్చింది.

రెండో ఊపిరికి మాణిక్యం కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె కళ్లముందు ఒక తాబేలు చావులోంచి వెనక్కి రావడం అదే మొదటిసారి.

అప్పటికి బాబూరావు బోటు వచ్చింది. గాయానికి మందు రాసి, ఇంకాసేపు చూసి, కాళ్లలో బలం వచ్చాక వదుల్దాం అన్నారు డాక్టరు గారు. వదిలినప్పుడు అది ముందు ఇసుకని అటూ ఇటూ తోసింది. తర్వాత దారి తెలిసినట్టు సముద్రం వైపు తిరిగింది. గాయపడ్డ కాలు కూడా కదిలిస్తోంది. జనం రెండు వైపులా తప్పుకున్నారు. మొదటి అల దాన్ని తాకి వెనక్కి పోయింది. రెండో అల ఎత్తుకుంది. నల్లటి డిప్ప ఒకసారి పైకి తేలి, నీలంలో కలిసిపోయింది.

అప్పుడు కేకలు వేశారు పధ్నాలుగుమందీ. నితిన్ అందరికంటే గట్టిగా అరిచాడు. డాక్టరు గారు ఇసుకలో కూర్చుని పెద్దగా నవ్వుతున్నారు. నాన్న అలా నవ్వడం విజయకుమారి విని రెండేళ్లయింది.

బాబూరావు ఆయన పక్కన చతికిలబడ్డాడు. "ఇలా వెనకభాగం ఎత్తిపెట్టడం మా వాళ్లెవరికీ తెలీదండీ. చచ్చిందనుకుని పాతిపెట్టినవాటిలో ఎన్ని బతికున్నాయో."

"నేర్పిస్తే నేర్చుకుంటారా?"

"మీరు రావాలే గానీ, నేర్చుకోకేం," అంది మాణిక్యం.

వాళ్లు ఓడ చేరేసరికి అది కదలడానికి ఇంకా పావుగంట ఉంది. మర్నాడు చెన్నైలో దిగేలోపు డాక్టరు గారు ఎడమచేత్తో, వంకరటింకర అక్షరాలతో, నాలుగు పేజీలు రాశారు. కంటి మూల ఎలా తాకాలి, వల ఎటునుంచి కొయ్యాలి, ఎంతసేపు ఓపిక పట్టాలి. మొదటి వాక్యం ఇదీ: కదలనిదల్లా చచ్చినట్టు కాదు.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన నాగాయలంకలో దిగారు. రేవు దగ్గర ముప్పైమంది పడవవాళ్లు నేలమీద కూర్చున్నారు. ముందు వరసలో మాణిక్యం, చేతిలో కత్తితో. ఆయన చెప్పారు, ఆమె చేసి చూపించింది. ఆ ఏడు గుడ్లు పెట్టే కాలం ముగిసేసరికి ఏడు తాబేళ్లు వాళ్ల చేతుల మీదుగా సముద్రంలోకి తిరిగి వెళ్లాయి.