కింది పట్టు

పెరట్లో బస్కీలు తీస్తూ తీస్తూ సగంలో ఆగి, ఎవరైనా చూశారేమోనని వంటింటి కిటికీ వైపు చూశాడు జాకీ. భార్య చూసింది. తోముతున్న గిన్నె ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

“ఏమయ్యా, ఆగావేం?”

“లెక్క మరిచిపోయా.”

అబద్ధం. ఊపిరి అందలేదు. కొన్నాళ్ళుగా రొమ్ములో ఎవరో ఇటుక పెట్టి మరిచిపోయినట్టుంది. ఒళ్ళు బద్ధకిస్తోందనుకుని, దానికి మందుగా బస్కీలు రెట్టింపు చేశాడు.

యాభై దాటినా మనిషి మానుమొద్దులా ఉంటాడు. మెడా భుజమూ కలిసిపోయాయి, పిక్కలు రాళ్ళు కట్టాయి, నడుము మాత్రం ఇంకా కుర్రాడి నడుమే. ఆదివారం ఆదివారం మీసానికి రంగేస్తాడు. సామాన్లు మోసే కంపెనీలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎంత బరువునైనా కిందనుంచి లేపుతాడని జాకీ అంటారు.

“ఇనుము వాడకపోతే తుప్పు పడుతుందే,” అన్నాడు మెడ తుడుచుకుంటూ.

“వాడితే అరిగేదీ ఇనుమే. డాక్టరుకి చూపించుకోమని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది.”

“నీ నోరా? అది అరిగే సరుకు కాదులే.”

ఆమె నవ్వలేదు.

మెట్లమీద బీరువా ఎక్కించేటప్పుడు పైనున్నవాడు తాడు భుజాన వేసుకుని దారి చూపిస్తాడు. బరువంతా కిందున్నవాడిదే. పెళ్ళికి ముందునుంచీ కింది పట్టు జాకీదే. కింది పట్టు వదిలినవాడు పైకి, పై పట్టు వదిలినవాడు గోదాము ముందు కాపలా కుర్చీలోకి, కుర్చీలోంచి మంచంమీదికి. పని నేర్పిన పెద్దాయన అలాగే పోయాడు. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది. గేటు దాటేటప్పుడు జాకీ అటు చూడడు.

మధ్యలో ఎవడు ముందు ‘దించు’ అంటే వాడు ఆ పూట అందరికీ టీ పోయించాలి. జాకీ చేత టీ పోయించిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ రోజు పని నాలుగో అంతస్తుకి. లిఫ్టులో పట్టని పాత టేకు బీరువా. భార్య ఆఖరి తమ్ముడు, జాకీయే వేలు పట్టుకుని ఈ పనిలో పెట్టినవాడు, బీరువాకి దుప్పట్లు చుట్టి, తాడు బిగించి, వచ్చి కింది వైపు నిలబడ్డాడు.

“అది నా చోటురా.”

“ఇవాళొక్కరోజు, బావా. అక్క పొద్దున్నే ఫోన్ చేసింది.”

“మీ అక్క ఫోన్ చేస్తే బీరువా తేలికవుతుందా? పైకి నడు.”

“మొహం చూసుకున్నావా? ఇంకా ఎత్తనేలేదు, ఆ చెమటలేంటి?”

“ఎండరా.”

ఎండ లేదు. మబ్బు పట్టి, మెట్ల దగ్గర దీపం వెయ్యాల్సినంత చీకటిగా ఉంది. బామ్మర్ది తాడు భుజాన వేసుకుని పైకి పోయాడు.

మొదటి అంతస్తు సాఫీగానే దాటింది. ఆ పైన జాకీ చెంపను చెక్కకు ఆనించాడు. బీరువా లోపల ఖాళీ హేంగర్లు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఇటుక రొమ్ములోంచి ఎడమ భుజానికి, భుజంలోంచి మోచేతికి దిగింది. ఆ చేతి వేళ్ళు తనవి కానట్టున్నాయి. ఇప్పుడు వదిలితే బీరువా తనమీదికి, దాని వెనకే, తాడు భుజానికి చుట్టుకున్న బామ్మర్ది. మలుపు దగ్గర గచ్చు కనబడుతోంది. పళ్ళు బిగించి అంతవరకూ మోశాడు.

“దించు.”

బామ్మర్దికి వినబడింది కానీ నమ్మకం కలగలేదు. “ఏంటీ?”

“దించరా.”

అడుగు అదరకుండా దించారు. బీరువా మలుపంతా ఆక్రమించి ఇద్దరి మధ్యా నిలబడింది. అవతలివైపు నుంచి బామ్మర్ది, భయం తీరినవాడిలా నవ్వాడు.

“ఓడిపోయావు బావా! టీ నీదే! రేపట్నుంచి కింద నేను, పైన దర్జాగా తాడు పట్టుకుని నువ్వు. ఏం, నామోషీయా? వయసు రాజుకైనా వస్తుంది.”

బామ్మర్ది బీరువామీద వేళ్ళతో తట్టాడు.

“అలిగావా?”

గోడకీ బీరువాకీ మధ్య సందులో ఒళ్ళు గీరుకుంటూ దూరి వచ్చాడు. జాకీ మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. తల గోడకు వాలింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

“బావా!”

జాకీని కిందికి మోసుకుపోయేటప్పుడు కింది పట్టు బామ్మర్దే పట్టాడు.

బీరువా సాయంత్రందాకా మలుపులోనే ఉండిపోయింది. వచ్చేపోయేవాళ్ళు ఒదిగి నడిచారు. దాని అడుగంచున, దుప్పటి తొలగినచోట, నున్నటి టేకుమీద రెండు చేతుల అచ్చులు మసగ్గా పడి ఉన్నాయి: కుడిది అయిదు వేళ్ళతో, ఎడమది వట్టి అరచెయ్యి.